గూడబాతుకు కనపడని వల

వల అల్లడంలో పోచమల్లుకు తండ్రి నేర్పింది ఒక్కటే: నీళ్లలో వల చేపకు కనపడకూడదు. సిద్దిపేట బజారుకు మిషన్ వలలు వచ్చాక అతని చేతివలను అడిగేవారే లేరు. చిరిగినవి కుడుతూ బతుకుతున్నాడు.

దగ్గర్లో కొత్తగా కట్టిన రిజర్వాయర్ నిండిన తర్వాత చింతమడక వైపు చెరువులకు గూడబాతులు రాసాగాయి. ఎక్కువగా బూడిదరంగువి, చలికాలంలో తెల్లవి కూడా కనపడతాయి. ఇవి లోతుకు మునగవు. వరుస కట్టి చేపలను ఒడ్డువైపు తరిమి, ముక్కు కింది సంచితో నీళ్లతో సహా తోడుకుంటాయి. నీళ్లు కార్చేసి చేపను మింగుతాయి. మత్స్య సంఘం వాళ్లు చేపపిల్లలు పెంచే కుంట వాటికి వడ్డించిన విస్తరైంది.

సంఘం అధ్యక్షుడు నాగేశ్ పోచమల్లు ఇంటికి వచ్చాడు.

"కాకా, కుంట మీద పరిచే వల కావాలె. నువ్వే అల్లాలె. గిది మంచిగైతే చుట్టుపక్కల సంఘాలన్నీ నీ దగ్గరికే వస్తయి."

"ఇన్నేండ్లకు యాదికొచ్చిండా మీ కాక?" అంది పోచమల్లు భార్య అంజవ్వ.

పోచమల్లు మాత్రం నాగేశ్ మాటే పట్టుకుని ప్రాణం పెట్టి అల్లాడు. సన్న దారం, జారని ముడి. కుంట మీద పరిస్తే ఒడ్డున నిలబడ్డవాళ్లకే కనపడలేదు. అందరూ మెచ్చుకున్నారు. అతనూ మురిశాడు.

మర్నాడు పొద్దున ఒక బూడిద గూడబాతు ఎప్పటిలాగే నీళ్ల మీదికి దిగింది. రెక్క వల కన్నులో ఇరుక్కుంది. గింజుకున్నకొద్దీ ముడులు బిగిశాయి. పోచమల్లు పరుగున వెళ్లి తన వలను తానే కత్తితో కోశాడు. అప్పటికే దాని మెడ వాలిపోయింది.

చేపకు దాచినట్టే పిట్టకూ దాచాడు. పిట్టను ఆపాలంటే వల దానికి కనపడాలి.

"లావు తెల్లదారంతోటి మళ్ల అల్లుత నాగేశ్. దూరంకెళ్లే చూసి దిగకుండ పోతయి."

"ఎందుకు కాకా? ఒకటి సచ్చినంక మిగిలినయి గీడికి రానే లేదు. గిసొంటిదే అల్లు. పక్కూరోళ్లు గుడ అడుగుతున్నరు."

"పిట్టలను సంపుడుకు నేను వల అల్లలే బిడ్డా."

"మరి చేపలను సాదుటానికి అల్లినవా?"

పోచమల్లు లావుదారంతో ఒక ముక్క అల్లి తీసుకెళ్లి చూపించాడు. ఎవరూ ముట్టలేదు. సంఘాలవాళ్లు బజారు నుంచి సన్నదారం మిషన్ వలలు తెచ్చి కుంటలన్నిటి మీదా కప్పారు. ఇప్పుడు దుకాణంలో వాటిని "పోచమల్లు వల" అనే అడుగుతున్నారు.

చిరిగితే కుట్టడానికి అతని దగ్గరికే తెస్తారు. ముడుల్లో ఇరుక్కున్న బూడిద ఈకలు ఒక్కొక్కటే పీకి పక్కన పెట్టి, సూది అందుకుంటాడు.