అవ్వ పంచిన గోలీలు

ఈ ఉదయం జనగామలో మందుల దుకాణాయన ఒక పెద్దమనిషికి కొత్త గోలీ గొప్పతనం వివరిస్తున్నాడు. నెత్తురు గడ్డకట్టనివ్వదట, మాటిమాటికీ నెత్తురు పరీక్ష చేయించే పనే లేదట. పెద్దమనిషి సంతోషించాడు. నాకు మాత్రం నిలబడ్డచోటే కాళ్లు లాగాయి. ఆ పరీక్ష కోసం రఘునాథపల్లి నుంచి మా నాయినమ్మను బస్సెక్కించి తెచ్చిన రోజులన్నీ ఒక్కసారే మోకాళ్లలోకి దిగినట్టయింది.

ఆమెను మేమంతా అవ్వ అనేవాళ్లం. ఎడమ పిక్కలో నెత్తురు గడ్డకట్టి, కాలు సొరకాయలా వాచింది. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కదని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. నెత్తురు పలచబడటానికి రోజూ సాయంత్రం ఒక గోలీ. తక్కువైతే మళ్లీ గడ్డ, ఎక్కువైతే నెత్తురు కారడం. ఎప్పుడూ మధ్యలో ఉండాలి. మా ఇంట్లో ఏదీ ఏనాడూ మధ్యలో ఉన్నది కాదు.

మొదట్లో వాపు తీసింది. ఆ తరువాత ఎన్నిసార్లు పరీక్ష చేయించినా నెత్తురు పలచబడలేదు. డాక్టరమ్మ మోతాదు పెంచింది. ఆకుకూరలు మందును పనిచేయనివ్వవట, తగ్గించమంది. అవ్వకు ప్రాణమైన పుంటికూర ఇంటిల్లిపాదీ మానేశాం. నెత్తురు మాత్రం మాట వినలేదు.

ఒక పొద్దున ఎదురింటి పెద్దమ్మ వేపపుల్ల నములుతూ ఎర్రగా ఉమ్మేసింది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏం లేదు బిడ్డా, పండ్లకెల్లి నెత్తురొస్తాంది. మోకాళ్ల నొప్పుల గోలీలకు తోడు మీ అవ్వ గోలి సుత ఏస్కుంటున్న. ఆమె కాలు మంచిగైంది గద!"

తోడుకు మజ్జిగ ఇచ్చినట్టు అవ్వ రోజు విడిచి రోజు తన గోలీని వాకిలి దాటించేదన్నమాట. పెంచిన మోతాదు కూడా న్యాయంగానే పంచింది.

"సచ్చిపోతవే అవ్వా!" అన్నాను ఇంట్లోకి వచ్చి.

"ఏందిరా లొల్లి? అది ఎదురుంగ కాళ్లు సాపుకొని మూలుగుతాంటే నేనొక్కదాన్నే ఎట్ల మింగాలె?"

"గదేమన్న అన్నమా?"

"అన్నమైతే ఇద్దరం తినకపోదుమా? గోలి గనుక దినానికి ఒకలమే ఏస్కున్నం."

ఇద్దరినీ ఒకే ఆటోలో జనగామ తెచ్చాను. ఒకరి నెత్తురు పలచబడనే లేదు, ఇంకొకరిది మరీ పలచబడింది. "రెండూ కలిపి సగం చేస్తే సరిగ్గా సరిపోతుంది మేడం," అన్నాను. డాక్టరమ్మ నవ్వలేదు. అవ్వ పిక్క నొక్కి చూసి, వెంటనే చేర్చుకొమ్మంది. మళ్లీ గడ్డ కట్టింది.

అవ్వకు కడుపు మీద సూదులు మొదలయ్యాయి. పెద్దమ్మకు విరుగుడు సూదేసి, మోకాళ్లకు వేరే మందు రాశారు. ఆమె ఇంటికి పోకుండా మంచం పట్టె మీద కూర్చుని, "నా పాపమే తగిలిందే," అని ఏడ్చింది. వార్డంతా మావైపు తిరిగింది. అవ్వ కళ్లు తెరిచి, "పాపం లేదు గీపం లేదు, జర జరుగు. ఫ్యాను గాలి తగుల్తలేదు," అంది. ఆ గాలికే నాకూ కాస్త ఊపిరి ఆడింది.

అవ్వ దక్కింది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం గోలీ చేతికిచ్చి, మింగాక నోరు తెరిపించి చూడటం నా ఉద్యోగం. "నువ్వేమన్న పండ్ల డాక్టరువా?" అని తిట్టేది. పెళ్లిళ్లు, క్రికెట్టు, దోస్తుల పిలుపులు అన్నీ ఆ గోలీ తరువాతే. నాకంటూ ఒక్క సాయంత్రం దొరికితే చాలని విసుక్కునేవాణ్ని.

మొన్న ఎండాకాలంలో అవ్వ నిద్రలోనే పోయింది. గడ్డ వల్ల కాదు, వయసు వల్ల. ఇప్పుడు సాయంత్రాలన్నీ నావే. తీరిక అడిగిన మాట నిజమే గానీ, ఇంత ఇస్తారనుకోలేదు.