క్యుండిగుంగ్ అన్న మాట, ఒక చెక్క ఇల్లు

బెర్లిన్‌లో మా యూనివర్సిటీ వెనక సందులో పాత కుర్చీలు బాగుచేసే కొట్టు ఒకటి ఉంది; దాని తలుపు తెరిచి ఉన్న రోజున అవిసె నూనె వాసన ముక్కుకి తగిలితే చాలు, నా పన్నెండో ఏట, కరోనా రెండో వసంతంలో, స్టుట్‌గార్ట్ శివార్లలో మేము అద్దెకున్న చెక్క ఇల్లు, దానితోపాటు నేను చేసిన పాడుపనీ గుర్తుకొస్తాయి.

నూరేళ్ల ఇల్లు అది. వాన గోడల మీద పడకుండా బాగా ముందుకు చాచిన చూరు, పైకప్పులో దాచకుండా వదిలేసిన లావాటి దూలాలు, నడుమెత్తు దాకా గోడలకు చెక్క పలకలు, గోడలోనే అమర్చిన రంగుటద్దాల అలమరాలు, ఒక్క మేకైనా కనిపించని అతుకులు, అన్నిటికీ మించి కిటికీని ఆనుకుని గోడతో కలిపే కట్టేసిన బల్ల. దాని మూత ఎత్తితే పెట్టె, వేస్తే నా రాజ్యం. బడి లాప్‌టాప్‌లోకి వచ్చాక నా పాఠాలు, నాన్నతో అష్టాచెమ్మా, మామిడికాయ దొరక్క పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ తరిగి అమ్మ చేసిన ఉగాది పచ్చడి నాకడం, అన్నీ ఆ బల్ల మీదే.

పై అంతస్తులో ఇంటి యజమానురాలు ఫ్రావ్ వెబర్ ఒక్కతే ఉండేది. వాళ్ల తాత స్వయంగా చెక్కి కట్టుకున్న ఇల్లు. నెలకోసారి మాస్కుతో దిగివచ్చి, కిటికీలు తెరుస్తున్నారా అని అడిగి, దూలాలు తట్టి, పలకల మీద వేలు రాసి చూసుకునేది.

"మన పోపు వాసన పట్టిందేమో చూడనీకే వస్తది," అనేది అమ్మ. నాకూ ఆ ముసలావిడ మీద నమ్మకం లేదు.

ఒకరోజు నాన్న ఫోన్లో బాబాయితో గొంతు తగ్గించి, "క్యుండిగుంగ్ వచ్చింది రా తమ్మీ, మూడు నెలల టైమిచ్చిన్రు. ఇంట్ల ఇంకా చెప్పలే," అనడం విన్నాను. ఆ మాట నాకు బాగా తెలుసు. మా క్లాసులో లేనా వాళ్లు ఆ కాగితం వచ్చాకే ఇల్లు ఖాళీ చేశారు. అంటే మా ఇల్లు పోతోంది. ఈవిడ దూలాలు తట్టి చూసుకునేది ఇందుకన్నమాట!

ఆ వారమే, అమ్మ బజారుకి వెళ్లి, నాన్న తలుపేసుకుని మీటింగులో ఉండగా బెల్లు మోగింది. ఫ్రావ్ వెబర్. చేతిలో డబ్బా, గుడ్డ, చంకలో కాగితాల కట్ట. కిందటేడు కూడా ఆమె ఇలాగే వచ్చి, నేల మీద పాత పేపర్లు పరిచి, చెక్కంతటికీ తన చేత్తో నూనె పట్టించిందని నాకు గుర్తురావాల్సింది. ఆ కట్టలో నాకు కనిపించింది మాత్రం క్యుండిగుంగే.

"లోపలికి రావద్దు, మాకు కరోనా," అన్నాను జర్మన్‌లో. ఆమె గబుక్కున వెనక్కి రెండు మెట్లెక్కింది. గెలిచాననుకున్నాను.

మర్నాటి నుంచి మా గుమ్మంలో రోజూ నాలుగు నారింజలు.

"ఊకె ఎందుకిస్తది? ఏదో మతలబుంది," అంది అమ్మ. ఉందనే నేనూ అనుకున్నాను, ఒలుచుకు తింటూనే.

నెలాఖరున ఫ్రావ్ వెబర్ కూతురొచ్చి ఆమెను హానోవర్‌కి తన దగ్గరికి తీసుకెళ్లిపోయింది. కారెక్కబోతూ ముసలావిడ దూరం నుంచే "ఇప్పుడు అందరికీ నయమేనా?" అని అడిగింది. జర్మన్ అంతంతమాత్రంగా వచ్చే అమ్మ నవ్వి తలూపింది. నేను అమ్మ వెనక్కి జరిగాను.

మరో వారానికి నాన్న అసలు సంగతి చెప్పాడు. పోయింది ఇల్లు కాదు, ఆయన ఉద్యోగం. ఉద్యోగంలోంచి తీసేసినా, ఇల్లు ఖాళీ చేయమన్నా జర్మన్‌లో ఒకటే మాటట. బెర్లిన్‌లో కొత్త ఉద్యోగం దొరికి, ఆ ఇంటిని మేమే వదిలేసి వచ్చాం. ఫ్రావ్ వెబర్ ఆ చలికాలం దాటలేదని తర్వాత తెలిసింది.

మొన్న స్టుట్‌గార్ట్ వెళ్లినప్పుడు ఎస్-బాన్ రైలు దిగి ఆ ఇల్లు చూసొచ్చాను. చూరు అలాగే ఉంది. కిటికీలోంచి తొంగిచూస్తే పలకలు, అలమరాలు, బల్ల ఏవీ లేవు, అన్నీ తెల్లటి గోడలే. ఇల్లు పోతుందని భయపడింది నేను. తన తాత చెక్కిన చెక్కను చివరిసారి ముట్టుకోకుండా వెళ్లిపోయింది ఆమె. తలుపు దగ్గర అడ్డం నిలబడింది నేనే. ఈ సంగతి అమ్మకి ఇంతవరకూ చెప్పలేదు.