అన్న నోరు తెరిచిన పూట

నన్ను కన్న అవ్వ మీద ఒట్టు, కడెం వాగు నీళ్ల మీద ఒట్టు: ఇందులో ప్రతి అక్షరం నిజం. మామూలుగా నా కథల్లో ఒక పులి దూరుతుంది. ఇందులో పులి లేదు. పులే అయితే అంత భయపడేవాణ్ణి కాదు.

అన్నకు అప్పుడు ముప్పై ఏళ్లు. బుద్ధి మాత్రం నాలుగేళ్ల పిల్లవాడిది, మాటలు రావు. ఎనభైల్లో ఒక వానాకాలం, ఖానాపూర్‌లోని మా ఇంట్లో, ఉన్నట్టుండి అన్నం మానేశాడు. కుడి చెంప మీద తానే ఫెడీ ఫెడీమని కొట్టుకునేవాడు.

"గాలి సోకింది," అంది పక్కింటి పెద్దమ్మ. "చేతులు కట్టుండ్రి, లేకుంటే కన్ను పొడుసుకుంటడు."

కట్టేశాం. బాపు పాత ధోతి చింపి, మంచం పట్టెకు కట్టాం. మెడలో తాయెత్తు వేశాం. నాలుగో రోజుకు చెంప ఉబ్బి కన్ను మూసుకుపోయింది. అవ్వ ముద్ద పెట్టబోతే నోట్లోంచి కుళ్లు వాసన వచ్చింది. అప్పుడు అర్థమైంది, పన్ను. ఇన్నాళ్లూ అన్న చెబుతున్నది అదే. చెబుతున్న చేతులనే మేం కట్టేశాం.

నిర్మల్ బస్సులో వాపు మెడ మీదికి దిగుతుంటే చూస్తూ కూర్చున్నాను. అన్న ఊపిరిలో పిల్లికూతలు వినపడుతున్నాయి. కూత ఆగినప్పుడల్లా నా ఊపిరీ ఆగింది.

పండ్ల డాక్టరు గడపలోనే చెయ్యి అడ్డం పెట్టాడు. "గిసోంటోల్లను నేను ముట్ట. కరిసిండంటే నా ఏలు పాయె. హైద్రాబాద్ తీస్కపోయి మత్తిప్పియ్యుండ్రి."

"గంత దూరం పోయేదాంక ఉంటడా సారూ?" అని నేను అడిగాను.

ఆయన వాపును దూరం నుంచే చూశాడు. "గొంతులకు దిగితే ఊపిరాడదు."

అవ్వ ఆయన కాళ్ల మీద పడింది. "బాంచెన్ సారూ, నీ కాల్మొక్త. గీడనే తియ్యి."

బెంచీ మీద కూర్చున్న ఒకాయన నవ్వాడు. "దున్నకు ముకుతాడేసేటోల్లను పిలువవ్వా, డాక్టరెందుకు?"

అప్పుడు నేను వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. "ముందుగాల నాది పీకుండ్రి సారూ. నేనేం జేస్తే మా అన్న గదే జేస్తడు."

"మంచి పన్నేనా?"

"మంచిదే. పీకుండ్రి."

పీకాడు. రక్తం కారుతున్న నోటితోనే నవ్వి చూపించాను. అన్న కాసేపు నన్నే చూశాడు. తర్వాత వచ్చి నా పక్కన ఇరుక్కుని కూర్చుని, నోరు తెరిచాడు.

ఇన్నేళ్లుగా పెళ్లిళ్లలో, బస్సుల్లో ఇట్లాగే చెబుతున్నాను. ఎవరైనా నమ్మకపోతే పన్ను పోయిన సందు చూపిస్తాను. నిజానికి ఆ పన్ను పచ్చి జామకాయ కొరికితే విరిగింది.

కుర్చీలో నేను కూర్చోలేదు. అదొక్కటే నా కల్పన. బెంచీ మీదివాళ్లే నలుగురు లేచి అన్న కాళ్లూ చేతులూ పట్టుకున్నారు. తల అవ్వ పట్టుకుంది. చిగుళ్లకు మత్తు సూది గుచ్చనివ్వలేదని డాక్టరు అట్లాగే పీకేశాడు. నేను బయట రోడ్డు మీద చెవులు మూసుకుని నిలబడ్డాను. అయినా ఆ అరుపు వినపడింది.

అన్న బతికాడు. కానీ అవ్వ చేతి ముద్దకు మళ్లీ ఎప్పుడూ నోరు తెరవలేదు. నా చేతికి తెరిచేవాడు. చిన్నోని మీదనే పానం వానికి అని అవ్వ అందరికీ చెప్పుకునేది. పట్టుకున్నవాళ్లలో నేను లేను, అంతే. ఆ మాట అవ్వకు చెప్పలేదు.