ఒక్క పీరియడ్ చదువు

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ పిల్లలు నిద్ర లేవగానే టీవీ ముందు కూర్చుని, బంద్ ఉందా లేదా అని చూసేవాళ్లు. ఉంటే వాళ్లకు పండగే. ఆ పండగ నాకు లేదు, ఎందుకంటే నాకు బడే లేదు. మా అమ్మ టీచరు ఉద్యోగం మానేసి నన్ను ఇంట్లోనే చదివించేది. ("అంతమందిని ఒక్క రూముల కూసోబెడితే ఎవ్వలకేం సమజైతది?" అనేది.) వనస్థలిపురం, ఎల్బీనగర్‌లలో అలాంటి కుటుంబాలు ఇంకో అయిదు దొరికాయి. గుంటూరు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడిన ఒకావిడ మేడ మీద శనివారం శనివారం అందరం చేరేవాళ్లం. ఆవిడ మాకు మేడ ఆంటీ. ఆ ఏడాది వానాకాలంలో డబ్బాలు పెట్టి వాన కొలిచాం, బతుకమ్మ పేరుస్తూ పూల రెక్కలు లెక్కపెట్టాం, చలికాలంలో నాటకం కూడా వేశాం. (వేషాలు కట్టినవాళ్లకంటే చూసేవాళ్లే తక్కువ.)

అయినా నా ప్రాణమంతా బడి మీదే. టై, గంట, పక్కపిల్ల లంచ్ బాక్సులో చెయ్యి పెట్టడం, ఇవన్నీ నా ఈడుదే అయిన చిన్నమ్మ కూతురు చెబితే నోరు తెరుచుకుని వినేదాన్ని. నాకు పన్నెండేళ్లు. ఒక శనివారం మా మేడ బృందమంతా గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ చూడబోతుంటే, నేను ముందురోజే చిన్నమ్మ ఇంటికి వెళ్లిపోయి, "నీ రెండో యూనిఫాం ఇయ్యవే, ఒక్క దినం బడికొస్త" అని దాన్ని బతిమాలాను. అది నన్ను జాలిగా చూసింది. "రా మరి. మా క్లాసుల డెబ్బై మందిమున్నం. సార్‌కు మా మొఖాలే యాదుండయి, నీ మొఖమేం పట్టుకుంటడు?"

ఆఖరి బెంచీలో కూర్చున్నాను. మొదటి పీరియడ్ లెక్కలు. సార్ భిన్నాల భాగహారం చెబుతూ, "రెండోదాన్ని తలకిందులు చేసి గుణించాలె" అన్నారు. మేడ మీది అలవాటు ఊరుకోదు కదా, లేచి "ఎందుకు సార్?" అన్నాను. డెబ్బై తలలు వెనక్కి తిరిగాయి. సార్ చేతిలో చాక్‌పీస్ అలాగే ఆగిపోయింది. "ఎవ్వలమ్మా నువ్వు?" అంటూ ఆయన నా బెంచీ వైపు నడిచారు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర "జై తెలంగాణ" నినాదాలు వినిపించాయి. (ఆ రోజు ఉద్యమం కాపాడిన పరువుల్లో నాదీ ఒకటి.) లాంగ్ బెల్ మోగింది. కేకలు పెడుతూ క్లాసంతా ఖాళీ అయింది. నేను మాత్రం కదల్లేదు. కళ్లనిండా నీళ్లు.

మెడలో కండువా వేసుకున్న కాలేజీ అన్న ఒకాయన తలుపులోంచి తొంగి చూశాడు. "ఏంది చెల్లె, బెల్లు ఇనరాలేదా? బంద్. ఇంటికి పో."

"అన్నా, జర లంచ్ దాకనన్న బడి ఉంచరాదు?"

ఆయన వెనకున్న వాళ్లవైపు తిరిగి, "ఎన్ని బడులు బంద్ చేపిచ్చినం గని, గిట్ల అడిగిన పిల్లను చూడలేదురా" అన్నాడు. తర్వాత మెత్తగా, "మన రాష్ట్రం మనకొచ్చినంక కడుపునిండ చదువుకుందువు గని, పో బిడ్డా" అన్నాడు.

నేనూ, గేటు దగ్గర నా కోసం ఆగిన చిన్నమ్మ కూతురూ మెయిన్ రోడ్డెక్కేసరికి బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఎదురుగా, చేతుల్లో బత్తాయిల సంచులతో మా మేడ బృందమంతా కాలినడకన వస్తోంది. అప్పటికప్పుడు బంద్ అని తెలిసి అమ్మ నా కోసం అందరినీ వెంటేసుకుని చిన్నమ్మ ఇంటికి బయల్దేరిందట.

"అదేంటండీ, మీ అమ్మాయి యూనిఫాంలో ఉందేంటి?" అంది మేడ ఆంటీ.

అమ్మ నా దగ్గరికొచ్చి, వంకరగా కట్టుకున్న టై విప్పి సరిగ్గా కట్టింది. "ఎట్లుండె?"

"ఒక్కటే పీరియడ్ అయిందమ్మా" అని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆంటీ పక్కున నవ్వింది. అమ్మ నవ్వలేదు. నా చెయ్యి మాత్రం ఇంటిదాకా వదల్లేదు.

జూన్‌లో నన్ను అదే బడిలో చేర్పించింది. టై దొరికింది, గంట దొరికింది. దసరా సెలవులొచ్చేసరికి "ఎందుకు సార్" అనడం మానేశాను. నా వెనకే మిగతా పిల్లలూ ఒక్కొక్కరే బడుల్లో చేరారు. మేడ మీద శనివారాలు ఆగిపోయాయి. శనివారం క్లాసులో కూర్చుని, ఈపాటికి మేడ మీద ఏం చేస్తుండేవాళ్లమో అనుకుంటూ నోట్సు తప్పులు రాసేదాన్ని.

మొన్న అమ్మను అడిగాను, ఆ రోజు నన్నెందుకు తిట్టలేదని. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే అంది: "ఏమని తిట్టాలె? ఆ దినం బంద్ అయింది మీ బడి కాదే, నా బడి."

అని నవ్వింది. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.