చొక్కా జేబులో సీసా

పానకాలుకి ఉప్పంటే ప్రాణం. పేరేమో పానకాలు, తినేదేమో ఉప్పు అని ఊళ్ళో వాళ్ళు ఏడిపించేవాళ్ళు. ఊరగాయ జాడీ అడుగున మిగిలిన ఉప్పు ముద్దని కూడా వదిలేవాడు కాదు. చూస్తూ చూస్తూ ఉండగానే మనిషి నల్లబడ్డాడు, చిక్కిపోయాడు. మిరప చేలో తిరిగేవాడు తెల్లగా ఎలా ఉంటాడులే అనుకున్నారు కొందరు. తాగుడు మొదలెట్టాడని కొందరు, టీబీ అని కొందరు ఎవరికి తోచింది వాళ్ళు తేల్చేశారు. చివరికి గుంటూరులో ఒక పెద్ద డాక్టరు అతని చిగుళ్ళు చూసి, అరచేతి గీతల్లో నలుపు చూసి, "ఉప్పు బాగా తినాలనిపిస్తుందా?" అని అడిగాడు. పక్కనున్న భార్య వెంకటేశ్వరమ్మ అతనికంటే ముందే తలూపింది.

మూత్రపిండాల మీద రెండు చిన్న గ్రంథులుంటాయట. ఒంటికి కష్టం వచ్చినప్పుడు తట్టుకునే బలం అక్కణ్ణించే వస్తుందట. పానకాలుకి ఆ రెండూ ఎండిపోయాయి. రోజూ మాత్రలు వేసుకుంటే అందరిలాగే బతకొచ్చు. జ్వరమొస్తే మాత్ర రెట్టింపు చేయాలి. మాత్ర కడుపులో నిలవకపోతే మాత్రం వెంటనే ఇంజెక్షన్ చేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాలి, లేకపోతే ప్రాణానికే ముప్పు. ఈ మాటలు వెంకటేశ్వరమ్మ బట్టీ పట్టింది. బత్తాయి కాయకి సూది గుచ్చి గుచ్చి ఇంజెక్షన్ చేయడం కూడా నేర్చుకుంది. పానకాలు మాత్రం, జబ్బు పేరూ మందు పేరూ రాసి మెడలో వేసుకోమని ఆస్పత్రి వాళ్ళిచ్చిన కార్డుని తీసుకెళ్ళి బీరువాలో పడేశాడు.

"మెళ్ళో బిళ్ళ కట్టుకుని తిరగడానికి నేనేమన్నా పెంపుడు కుక్కనా?"

"పోనీ ఒక్కరికైనా చెప్పవయ్యా. పేరయ్య అన్నయ్యకి చెప్పు. పక్క చేనేగా."

"చెబితే ఇంకేముంది? రేపట్నుంచి నన్ను చూసి అయ్యో పాపం అంటారు. నాకొద్దు."

మొండివాడితో ఎంతకని వాదిస్తుంది? చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఇంజెక్షన్ సీసా, సిరంజి ఎప్పుడూ అతని ఒంటి మీదే ఉండాలి. మధ్యాహ్నం మాత్ర వేళకి ఆవిడ ఫోన్ చేస్తే ఎక్కడున్నా ఎత్తాలి. ఫోన్ సంగతి బాగానే నడిచింది. సిరంజి మాత్రం వంగినప్పుడల్లా గుచ్చుకుంటోందని తీసి బండి డిక్కీలో పెట్టేశాడు. సీసా ఒక్కటే జేబులో మిగిలింది. చెమటకి తడిసీ తడిసీ దాని మీది కాగితం సగం ఊడిపోయింది.

ఆ ఏడు మిరప పూతలోకి నల్ల తామర పురుగు దిగింది. పొద్దున చూసిన పువ్వు సాయంత్రానికి ముడుచుకుపోతోంది. వెంకటేశ్వరమ్మ చీరాలలో చెల్లెలి కూతురి ఫంక్షన్‌కి వెళ్ళింది. ఆమె అటు వెళ్ళిన రాత్రే పానకాలుకి జ్వరం తగిలింది. తెల్లవారి మాత్ర మింగాడు, కాసేపటికే కక్కేశాడు. ఇప్పుడేం చేయాలో అతనికి బాగా తెలుసు. కానీ చేనుకి పురుగుమందు కొట్టడానికి పిలిచిన కూలీలు అప్పటికే గట్టు మీద నిలబడి ఉన్నారు. ఈ పూట వదిలితే వాళ్ళు మళ్ళీ ఎప్పుడు దొరుకుతారో! కక్కిన దాంట్లో మాత్ర కనపడలేదు, లోపలే ఉండి ఉంటుంది అని తనకి తానే నచ్చజెప్పుకుని చేలోకి దిగాడు.

ఎండ ఎక్కేసరికి కడుపులో పేగులు మెలితిప్పినట్టయింది. మళ్ళీ కక్కాడు. కాళ్ళు తనవి కానట్టు తేలిపోయాయి. సాలు మధ్య కూలబడ్డాడు, కూలబడ్డవాడు అలాగే పక్కకి ఒరిగిపోయాడు.

"ఒరేయ్ పానకాలూ!" పక్క చేలోంచి పేరయ్య గట్టు దూకి వచ్చాడు. "మందు గాలి కొట్టిందిరా వీడికి! చొక్కా విప్పండి, నీళ్ళు తెండి!"

బోరు నీళ్ళు బిందెలతో కుమ్మరించారు. అసలే ఒళ్ళు చల్లబడుతున్న మనిషి వణికిపోయాడు. లాగేసిన చొక్కా జేబులోంచి ఆ సీసా జారి మట్టిలో పడింది.

అందరి కళ్ళూ దాని మీదే పడ్డాయి. ఆ చుట్టుపక్కల చేలల్లో అలాంటి బుల్లి సీసాలు కొత్త కాదు. ఈ మధ్య ఖరీదైన పురుగుమందులన్నీ వేలెడంత సీసాల్లోనే వస్తున్నాయి. ఇందులో తెల్లటి పొడి ఉంది. కాగితం మీద అక్షరాలు సరిగ్గా కనపడటం లేదు. కళ్ళముందు పూత రాలిపోతున్న చేను, జేబులో సీసా. పేరయ్య మొహం పాలిపోయింది.

"ఎంత పని చేశావురా," అన్నాడు.

పానకాలుకి అన్నీ వినపడుతూనే ఉన్నాయి. అది నా ప్రాణంరా, దాన్ని నీళ్ళలో కలిపి నాకు పొడవండిరా అని అరుస్తున్నాడు, లోపల్లోపలే. నాలుక కదిలితే కదా! ఎవరో గ్లాసుడు ఉప్పునీళ్ళు నోట్లో పోశారు, తాగింది కక్కుతాడని. వాడు కక్కలేదు సరికదా, దప్పిగొన్న దూడలా గటగటా తాగేశాడు.

"ఇదేంట్రా, ఇంకా కావాలంటున్నట్టున్నాడు!"

"చాల్లే, ఎత్తండి!"

పత్తి కుక్కిన గోనె బోరేలు వేసుకుని డొంక దారిలో వెళ్తున్న నన్నే సాహెబ్ ట్రక్కు ఆటోని ఆపారు. బోరేల మీదే పానకాలుని పడుకోబెట్టారు. కూలీల్లో ఒకడు ఆ సీసాని పొదల్లోకి విసరబోయాడు.

పేరయ్య వాడి చెయ్యి పట్టుకున్నాడు. "పారెయ్యొద్దు! ఏం తాగాడో తెలియకుండా డాక్టర్లు ఏం చేస్తారు?" పత్తి చేలున్న ఊళ్ళలో ఈ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. సీసాని తువ్వాలు కొసకి ముడేసి, ఆ ముడిని తేలు తోక పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుని ఆటో ఎక్కాడు.

దర్శి ఆస్పత్రికెళ్ళే రోడ్డు మీద గుంతలకి కొదవేముంది. సగం దారిలో పానకాలు ఫోను మోగింది. మధ్యాహ్నం మాత్ర వేళ. ఆ మోత చెవిన పడగానే అతనిలో కొడిగట్టిన ఆశ మళ్ళీ లేచింది. ఎత్తితే చాలు, మిగతాది ఆవిడ చెబుతుంది. పేరయ్య ఫోను చేతిలోకి తీసుకున్నాడు, పేరు చూశాడు, ఎత్తలేదు.

"ఎత్తవయ్యా, పేరయ్యా," అన్నాడు నన్నే సాహెబ్ వెనక్కి తిరక్కుండానే.

"ఎత్తి ఏం చెప్పను? నీ మొగుడు పురుగుమందు తాగాడని చెప్పనా?" అన్నాడు పేరయ్య. "మా తమ్ముణ్ణి ఇలాగే తీసుకెళ్తుంటే మా మరదలు ఫోన్ చేసింది. ఎత్తాను. ఉన్నాడా? అని ఒకే మాట అడిగింది. నేను చెప్పలేకపోయాను. మళ్ళీ ఆ మాట వినలేను, సాహెబూ."

మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. పానకాలు కుడిచేతి వేళ్ళు పత్తి మీద పాకాయి, పేరయ్య మోకాలికి తగిలాయి. బాధతో కొట్టుకుంటున్నాడనుకుని పేరయ్య ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని నిమిరాడు. "అయిపోయింది, ఊరొచ్చేసింది, కళ్ళు మూయకురా," అంటూనే ఉన్నాడు. ఇంత ప్రేమగా పట్టుకున్న చెయ్యి ఆ ఒక్క ఫోను ఎత్తితే బాగుండునని పానకాలు మనసులోనే ఏడ్చాడు. ఎవరికీ చెప్పొద్దని తనే కదా అన్నాడు. ఎవరిని తిట్టుకుంటాడు? ఆ తర్వాత ఫోను మోత కూడా దూరమైపోయింది.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు శ్రీరమ్య స్ట్రెచర్ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "పురుగుమందు తాగాడమ్మా," అన్నాడు పేరయ్య. ఆమె కనురెప్పలు ఎత్తి చూసింది. నోటి దగ్గర వంగి వాసన చూసింది. బీపీ చూసిన నర్సు తల అడ్డంగా ఊపింది, అందడం లేదని. డాక్టరు ముఖం చిట్లించింది.

"ఏం తాగాడు? సీసా తెచ్చారా?"

పేరయ్య తువ్వాలు ముడి విప్పాడు. బిగుసుకున్న ముడి రాకపోతే పళ్ళతో లాగాడు. డాక్టరు సీసాని వెలుతురులో తిప్పింది. చిరిగిన కాగితం మీద నాలుగైదు అక్షరాలు మిగిలి ఉన్నాయి.

"దీన్ని తాగాడని ఎవరు చెప్పారు? దీని సీలే తియ్యలేదు కదయ్యా!"

పేరయ్యకి అర్థం కాలేదు. ఆమె పానకాలు అరచేయి తిప్పి గీతల్లో నలుపు చూసింది, పెదవి కిందికి లాగి చిగుళ్ళు చూసింది. ఇక ఒక్క క్షణం ఆగలేదు. "సిరంజి ఇవ్వండి, పొడి కలపడానికి నీళ్ళ ఆంప్యూల్ పట్టండి, సెలైన్ రెండు చేతులకీ పెట్టండి." సీసా మూత టక్కున ఊడింది. పొద్దుటినుంచీ పానకాలు వెంటే తిరిగిన ఆ పొడి అతని నరంలోకి ఎక్కింది.

"ఇది విషం కాదు. ఈయన ప్రాణం నిలబెట్టే మందు ఇదే," అంది డాక్టరు. "దీన్ని మీరు పారేసి ఉంటే, ఇది పురుగుమందు కేసే అనుకుని దాని వెంటే పోయేవాళ్ళం. ఈలోపు ఈయన మనకి దక్కేవాడు కాదు."

పేరయ్య అక్కడే గోడకి చేరగిలబడి కూర్చుండిపోయాడు. జేబులో వేసుకున్న పానకాలు ఫోను మళ్ళీ మోగుతుంటే ఈసారి ఎత్తాడు. ఎత్తి వెక్కి వెక్కి ఏడ్చాడు. పక్కనున్న నర్సు ఫోను తీసుకుని చెప్పాల్సింది చెప్పింది.

పానకాలు కళ్ళు తెరిచేసరికి వెంకటేశ్వరమ్మ మంచం పక్కన ఉంది. ఫంక్షన్ చీర ఇంకా ఒంటి మీదే ఉంది, కళ్ళు మాత్రం ఉబ్బిపోయాయి. మంచం కాళ్ళ దగ్గర పేరయ్య తల వంచుకుని నిలబడ్డాడు.

"ఎందుకు చెప్పలేదురా? నేనేమన్నా పరాయివాణ్ణా?" అన్నాడు. "నా చేతుల మీద ఇంకొకడు పోతున్నాడనుకుని ఆ దారంతా చచ్చానురా నేను!"

పానకాలుకి సిగ్గేసింది. జాలి పడతారని దాచుకున్నాడు, ఆ దాపరికం ఈ మనిషిని ఎంత నలిపేసిందో ఇప్పుడు చూస్తున్నాడు. భార్య వైపు తిరిగి, "బీరువాలో ఆ కార్డు..." అన్నాడు.

"తెప్పించాను," అంది ఆవిడ. అప్పటికే అది అతని మెడలో ఉంది.

పూత సగం పోయింది, సగం నిలిచింది. ఇప్పుడు పానకాలు సీసాతో పాటు సిరంజి కూడా జేబులో పెట్టుకుంటాడు. అలాంటిదే ఇంకో జత పేరయ్య దగ్గరుంది. వెంకటేశ్వరమ్మ అతని చేతా బత్తాయిలు పొడిపించింది, ఇల్లంతా రసం చేశాడని తిట్టింది కూడా. మధ్యాహ్నం ఆవిడ ఫోను ఇప్పుడు పేరయ్యకి వస్తుంది, మొగుణ్ణి నమ్మే రోజులు పోయాయి గనక. పేరయ్య పనిలో ఉన్నా చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ మొదటి రింగుకే ఎత్తుతాడు. ఆవిడ ఇంకా ఏమీ అడక్కముందే, గట్టవతల మాత్ర మింగుతున్న పానకాలు వైపు చూస్తూ గట్టిగా చెబుతాడు.

"ఉన్నాడమ్మా."