మైల కబురు

మా ఊరి శిస్తు ఒకప్పుడు మా తాతలకే చెల్లేది. జగ్గయ్యపేట నుంచి వచ్చిన ఏ సర్కారు ఆఫీసరైనా మా వసారాలో చెప్పులు విడిచి, మా ఇంట భోజనం చేసి, ఆ తర్వాతే కాగితాలు విప్పేవాడు. ఎస్టేట్లు రద్దయ్యాక శిస్తు పోయింది, భూములు పోయాయి, పడమటి గదుల కప్పు కూలింది. భోజనం మాత్రం పోలేదు. క్యాంపుకి వచ్చిన ఆఫీసరుకి విస్తరి మా ఇంట్లోనే అన్నది ఎవరూ పిలవకుండా, ఎవరూ అడగకుండా సాగే ఆనవాయితీ. దాన్ని మాన్పించాలని అమ్మా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

పెట్టలేని రోజులు వచ్చాయి. వాటికి అమ్మ ఒక మార్గం చూసింది. దూరపు దాయాదుల్లో ఎవరో పోయారని, ఇంట్లో మైల అని కరణంగారికి కబురు పంపేది. మైల ఉన్న ఇంట్లో అతిథి తినడు. పెట్టనందుకు ఎవరూ తప్పు పట్టరు. ఆఫీసరు పేటకు వెళ్ళి హోటల్లో తినేవాడు.

పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలో మా ప్రాంతానికి వచ్చిన బి.డి.ఓ.కి స్కూలు టీచర్ల బదిలీలు చేతిలో ఉండేవి. ఆయన జీపు శబ్దం వింటే మగ పంతుళ్ళే తువ్వాలు భుజం మీంచి దించేవారు. మా ఊరి బడిలో అప్పుడు ఒక క్రైస్తవుల అమ్మాయి పనిచేసేది. తల్లి కూలికి వెళ్ళి చదివించిన పిల్ల. ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, బి.డి.ఓ. ఆమెను పంచాయతీ ఆఫీసు గదికి పిలిపించాడు. తలుపు వేసి, చెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె పెనుగులాడి, చిరిగిన జాకెట్టుతో బయటపడింది. అరుగు మీద కాచుకుని ఉన్న తల్లి ఆమెకు తన పైట కప్పి ఇంటికి తీసుకెళ్ళింది.

పోలీసుస్టేషన్‌లో ముందు పెద్దమనుషులతో మాట్లాడుకొమ్మన్నారు. ఆమె మాట్లాడుకోలేదు. నందిగామ మేజిస్ట్రేటు కోర్టులో సొంతంగా కేసు వేసింది. ఫీజు అడగకుండా కేసు పట్టిన ప్లీడరు, బి.డి.ఓ.ని వెనకేసుకొచ్చే సమితి ప్రెసిడెంటుకి పడని వర్గం మనిషి. అది విన్నాక నాకు అనుమానం మొదలైంది. ఈ పిల్ల వెనక ఎవరున్నారు? బి.డి.ఓ.ని దింపడానికి ఎవరైనా ఆమెను ముందుకు తోస్తున్నారా? ఆ రోజుల్లో మా వైపు ఎన్నికల తగాదా లేకుండా పెళ్ళిచూపులు కూడా జరిగేవి కావు.

ఒక మధ్యాహ్నం మా వసారాలో ఒక సన్నబియ్యం బస్తా కనిపించింది. ఎవరు దింపారో ఎవరూ చూడలేదు. అమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"కట్టు విప్పమాకు నాయనా. మనింట్లో లేవని తెలిసినవాడే పంపాడు."

పంపినవాడు సాయంత్రానికి తనే వచ్చాడు. కరణంగారు. మా నాన్న ఎదుట ఎన్నడూ కూర్చోని మనిషి, నా ఎదుట అడక్కుండానే కుర్చీ లాక్కున్నాడు.

"బాబుగారూ, చిన్న మాట. ఆ సాయంత్రం బి.డి.ఓ.గారు దీపాల వేళకి మీ ఇంటికొచ్చారు, మీతో మాట్లాడారు, భోంచేశారు, జీపెక్కారు. అంతేగదండీ?"

"ఆ రోజు మైల అని మీకే కబురు పంపాం."

ఆయన నవ్వాడు. "ఎవరు పోయారండీ? ఈ తాలూకాలో మీ దాయాదులు నాకు తెలీకుండా ఎవరు పోతారు? ఇప్పటికి ముగ్గురు పెదనాన్నల్ని చంపారు మీరు, మీకున్నది ఒక్కరేనాయె. నేనెవరితోనైనా అన్నానా? అన్లేదు. మీ పరువు నా నోట్లో భద్రంగా ఉంది."

ఆయన వెళ్ళాక బస్తాను బండి మీద ఆయన ఇంటికే తిప్పి పంపాను. అది చూసి ఆయన భయపడలేదు సరికదా, నిశ్చింతగా ఉన్నాడని తర్వాత తెలిసింది. బియ్యం తిప్పి పంపినవాడు బియ్యం లేవని కోర్టులో చెప్పడని ఆయన లెక్క. నన్ను అడగకుండానే నా పేరు బి.డి.ఓ. తరఫు సాక్షుల్లో రాయించారు.

కోర్టు సమన్లు వచ్చిన మర్నాడు ఆ టీచరు మా వాకిట్లోకి వచ్చింది. తల్లి వీధిలోనే నిలబడింది.

"ఆయన మీ ఇంట్లో తిన్నాడని చెబుతున్నారండీ. తిన్నాడా?"

"కోర్టులో అడిగింది కోర్టులోనే చెబుతా."

"అక్కడ ఏం చెబుతారో ఇక్కడే చెబితే మాకు బస్సు ఖర్చన్నా మిగుల్తుందండీ."

"నీకు ఎవరు చెప్పి పంపారమ్మా?" అన్నాను. ప్లీడరు పేరు వస్తుందేమోనని చూశాను.

ఆమె నా వైపు సూటిగా చూసింది. "నా చెయ్యి నాదేనండీ. దాని గురించి అడగడానికి ఇంకోళ్ళు చెప్పాలా?"

వీధిలోంచి తల్లి కేకేసింది. "వచ్చెయ్యవే. పెద్దోళ్ళ గోడలు పెద్దోళ్ళకే ఆనుకుంటాయి."

నందిగామ కోర్టు వరండాలో ఆ రోజు నేను చూసిన ప్రతి మొహమూ ఎవరో ఒకరికి అమ్ముడుపోయినట్టే కనిపించింది. ఆమె ప్లీడరు బి.డి.ఓ. ప్లీడరుతో కలిసి టీ తాగుతున్నాడు. బి.డి.ఓ. ఇస్త్రీ బట్టల్లో వచ్చి, అందరూ చూసేలా నాకు రెండు చేతులా నమస్కారం పెట్టాడు. నేను చేతులు వెనక కట్టుకున్నాను. బంట్రోతు మా ఇంటిపేరుతో సహా నన్ను మూడుసార్లు అరిచి పిలిచాడు. మా ఇంటిపేరు అలా వీధికి వినబడడం అదే మొదలు.

బి.డి.ఓ. ప్లీడరు తేలిగ్గా మొదలుపెట్టాడు. "ఆ సాయంత్రం వీరు మీ ఇంట భోజనం చేశారు కదండీ?"

"లేదు."

ఆయన కాగితం వంక చూసుకున్నాడు. గొంతు మార్చాడు. "ఊరికొచ్చిన ఆఫీసరుని భోజనం పెట్టకుండా పంపే అలవాటు మీ వంశంలో ఉందా?"

"లేదు. ఆ రోజు ఆయన మా గడప తొక్కలేదు. మైల అని కబురు పంపాం."

ఆయన మొహం విప్పారింది. "మైలా! ఎవరు పోయారు? ఎప్పుడు పోయారు? చెప్పండి."

వెనక బెంచీ మీద కరణంగారు ముందుకు వంగాడు. ఒక పేరు చెబితే అది అబద్ధమని ఆయన తేల్చేస్తాడు, నేను దొంగ సాక్షినవుతాను, నాతోపాటు ఆమె కేసూ పోతుంది. చెప్పకపోతే మిగిలింది ఒక్కటే మాట.

"ఎవరూ పోలేదు. అతిథికి వడ్డించే బియ్యం మా ఇంట్లో లేవు. ఆ మాట చెప్పుకోలేక మైల అన్నాం."

ఎవరో నవ్వారు. బంట్రోతు గదమాయించాడు. మేజిస్ట్రేటు రాస్తున్న కలం ఆపి, "మళ్ళీ చెప్పండి" అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఈసారి మరింత గట్టిగా, నిటారుగా నిలబడి. మా ఇంటి విస్తరిని నన్ను అడగకుండా అడ్డం పెట్టుకున్నారు. అది నాకు బియ్యం లేకపోవడం కంటే అవమానంగా తోచింది.

బయటికి వచ్చాక ఆ టీచరు వరండా స్తంభం దగ్గర నాకు ఎదురు నిలిచింది. కృతజ్ఞత చెబుతుందనుకున్నాను.

"మీకేం కావాలండీ?" అంది.

"ఏమీ వద్దు."

"ఏమీ వద్దనేవాళ్ళంటేనే నాకు భయమండీ."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఆమె వాకిట్లో నిలబడి అడిగిన రోజు నేనూ అదే కళ్ళతో ఆమెను చూశానన్నది కోపం తగ్గాక గాని తట్టలేదు.

బి.డి.ఓ.కి జైలు శిక్షా, జుల్మానా పడ్డాయి. ఆయన బందరు జిల్లా కోర్టుకి అప్పీలుకి వెళ్ళాడు. ఈలోగా రెండు వైపుల మనుషులూ మా వసారాకి వచ్చారు. ఒకరు నా మాట మార్చుకొమ్మన్నారు, ఇంకొకరు దానికి మరికాస్త చేర్చమన్నారు. ఇద్దర్నీ కూర్చోమనలేదు. అవతలి వర్గం నాకు పొలం రాసిచ్చిందని ఊళ్ళో చెప్పుకున్నారు. ఏ పొలమో చూపిస్తే దున్నుకుందామనుకున్నాను. వేదాద్రి తిరణాలలో బంధువులు నన్ను పలకరించకుండా పక్కనుంచి వెళ్ళారు. ఆఫీసర్లు మా ఇంటికి రావడం మానేశారు.

ఆ టీచరుకి రెడ్డిగూడెం అవతలికి బదిలీ వచ్చింది. కారణం ఎవరూ రాయలేదు. ఆమె వెళ్ళే రోజున నేను పేటకు పోవడానికి అదే బస్సు కోసం నిలబడి ఉన్నాను. ట్రంకు పెట్టె మీద కూర్చున్న తల్లి తల తిప్పుకుంది. ఆమె మాత్రం నా దగ్గరికి వచ్చింది.

"బందర్లో శిక్ష నిలబడిందండీ. నిన్న కార్డు వచ్చింది. ఆయన ఉద్యోగం కూడా పోయిందంట."

"మంచిది."

"మిమ్మల్ని మాట మార్చమని చాలామంది అడిగారంట. మార్చలేదా?"

"మార్చలేదు."

ఆమె నా మొహాన్ని కాసేపు చూసింది. అందులో ఏం వెతికిందో నాకు తెలియదు.

"అయితే సరేనండీ" అంది. పెట్టెకు ఒక వైపు తను పట్టుకుంది, రెండో వైపు తల్లి పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని బస్సులోకి ఎక్కించారు.