ఓజెల్లా వసారాకు కట్టిన తడి దుప్పట్లు

మార్చి చివర్లో పైన్ చెట్లు పుప్పొడి రాల్చడం మొదలుపెడితే అమెరికాలోని జార్జియాలో ఎవరి వసారా వాళ్ళది కాదు. కార్లూ, కుక్కలూ, చర్చి మెట్లూ అన్నీ పచ్చబడిపోతాయి. ఓజెల్లా గ్యాస్కిన్ ఏటా దాంతో యుద్ధం చేసేది, కాని ఈసారి ఓడిపోవడానికి వీల్లేదు.

ఆమె భర్త హార్మన్ ఏళ్ళ తరబడి రంపపు మిల్లులో పొట్టు పీల్చిన మనిషి. చలికాలమంతా ఊపిరి అందక మంచాన పడి, ఈమధ్యే కాస్త తేరుకున్నాడు. పుప్పొడి తగ్గేదాకా గడప దాటొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పట్నించీ హార్మన్ తిండి మీద ధ్యాస పోగొట్టుకున్నాడు. సాయంత్రం వసారాలో కూర్చుని దారిన పోయేవాళ్ళని పలకరించకపోతే అతనికి రోజు గడిచినట్టుండదు. పెట్టిన కంచం పెట్టినట్టే వెనక్కి వస్తుంటే ఓజెల్లా చూస్తూ ఊరుకోలేకపోయింది. ఆదివారం నిన్ను వసారాలో కూర్చోబెడతాను, ఎలాగన్నది నాకొదిలెయ్యమని మాటిచ్చేసింది.

శనివారం పొద్దున్నే పని మొదలుపెట్టింది. గొట్టంతో నీళ్ళు కొట్టే పొరపాటు ఆమె చెయ్యదు. నీళ్ళతో పాటు పుప్పొడి పలకల సందుల్లోకి దిగి, ఆరాక మళ్ళీ పైకి లేస్తుంది. అందుకని తడిపిన కాగితపు ముక్కలు నేలంతా చల్లి, వాటితో కలిపి మెల్లగా ఊడ్చింది. ఫ్యాను రెక్కలకు ఒక్కొక్కదానికీ పాత దిండు గలీబు తొడిగి లాగింది. దుమ్మంతా గలీబులోనే ఉండిపోయింది. వంటింటి కుర్చీలతో సహా ఇంట్లో ఉన్న కుర్చీలన్నీ పెరట్లో కడిగి, ఎండలో ఆరడానికి ఇంటి ముందు గడ్డిలో వరసగా పెట్టింది. ఆఖరికి, వాళ్ళమ్మమ్మ చేసినట్టు, తెల్ల దుప్పట్లు తడిపి వసారా చుట్టూ చూరునుంచి వేలాడగట్టింది. గాలి వస్తే రానీ, పచ్చదుమ్ము తడికి అంటుకుని అక్కడే ఆగాలి.

ఆదివారం చర్చి నుంచి రాగానే దుప్పట్లు మళ్ళీ తడిపి, ఊగుడు కుర్చీ లోపల వేసి, హార్మన్‌ని చెయ్యిపట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. పక్కనే తనూ నిలబడి అతని ఊపిరి వింటూ ఉంది. దగ్గు రాలేదు.

వీధిలోవాళ్ళకు ఇవేవీ తెలియవు. తెల్ల దుప్పట్లు కప్పిన వసారా, గడ్డిలో వరసగా పేర్చిన కుర్చీలు, చర్చికి ఒంటరిగా వచ్చి ఒంటరిగా వెళ్ళిన ఓజెల్లా. ఆ వీధిలో ఇలాంటి ఇంటిని చూస్తే ఎవరికైనా వచ్చే ఆలోచన ఒక్కటే: హార్మన్ పోయాడు. చావింటికి వండి తీసుకెళ్ళడం అక్కడి ఆనవాయితీ కాబట్టి, కాసేపటికల్లా ఎదురింటి క్లారిస్ వేయించిన కోడితో, మిగతావాళ్ళు పందిమాంసపు హాం, గుడ్లు, పౌండు కేకుతో ఇంటి ముందు బారులు తీరారు. దుప్పటి తొలగించి తలుపు కొట్టడానికి జంకి, గడ్డిలో కుర్చీల్లోనే కూలబడి చిన్న గొంతుతో మాట్లాడుకోసాగారు. దుప్పటికి లోపలివైపునుంచి ఓజెల్లా బయటికి వెళ్ళబోయింది. హార్మన్ వేలు పెదాల మీద పెట్టుకుని చెవులు రిక్కించాడు.

"బ్రదర్ హార్మన్ అంత నెమ్మదస్తుణ్ణి చూళ్ళేదు," క్లారిస్ ముక్కు చీదింది. "ఒక్కనాడూ గొంతు పెంచి మాట్లాడిన పాపాన పోలేదు."

"సిస్టర్ క్లారిస్," దుప్పటి వెనకనుంచి హార్మన్ అన్నాడు, "ఆ మాట ఇంకోసారి కాస్త గట్టిగా అనండి. మా ఆవిడ ఇక్కడే ఉంది, ఆవిడకీ తెలియాలి."

బయట ఏదో గిన్నె గడ్డిలో పడ్డ చప్పుడు. తరవాత ఎవరో నవ్వారు, ఆ వెంటనే అందరూ. హార్మన్ కూడా నవ్వాడు. ఓజెల్లా అతని ఛాతీ వంకే చూసింది. అతను నవ్వి నవ్వి ఆగి, గాలి పీల్చుకుని, మళ్ళీ నవ్వాడు. దగ్గు రాలేదు.

ఇంత పెద్ద భయం పెట్టిందని క్లారిస్ తిట్లు లంకించుకుంది. ఓజెల్లా ఆ తిట్లన్నీ పడింది, పడి కృతజ్ఞతగా తలూపింది. ఎవరూ ఇళ్ళకు కదల్లేదు. జుట్టుమీదా భుజాలమీదా పచ్చదుమ్ము పడుతున్నా అక్కడే కూర్చుని, వరసగా దుప్పటి దగ్గరకు వచ్చి అతనితో మాట్లాడారు.

"నా చావుకు తెచ్చిన కోడైతే, మంచి ముక్క నాకే రావాలి," అన్నాడు హార్మన్.

ఓజెల్లా కంచం నింపి ఇచ్చింది. అతను తినడం మొదలుపెట్టేదాకా చూసి, బకెట్టు పట్టుకుని దుప్పట్లు తడపడానికి మెట్లు దిగింది. క్లారిస్ అప్పటికే ఇంకో బకెట్టు తెచ్చి నిలబడి ఉంది.